విసనకర్ర గుర్తు జడ్జిగారు

మన దేశంలో జడ్జీలను ఓట్లేసి ఎన్నుకోరు. ఒక్కసారి మాత్రం ఎన్నుకున్నారు. విజయవాడలో, ఒక క్రిమినల్ కోర్టు వరండాలో, వేసవి సెలవులకి వారం ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ ఎన్నికల అధికారిని నేనే. ఆ ఎన్నిక పుణ్యమా అని ఉద్యోగం ఊడబోయిందీ నాకే.

కోర్టు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసేదండీ" అని. ఏ హత్య కేసో చెబుతానని వాళ్ళ ఆశ. గుమాస్తా అనేవాడు హత్య కేసులో చేసేదేముంది, కాగితాలకి చిల్లు పొడిచి దారం కట్టడం తప్ప. నాకు గుర్తుండిపోయిన కేసులో ముద్దాయిని నేనే. కాబట్టి అదే చెబుతాను. పేర్లు మాత్రం అడక్కండి. అందులో కొందరి మనవళ్ళు ఇప్పుడు అదే కోర్టులో నల్లకోటు వేసుకు తిరుగుతున్నారు.

డెబ్బైల మధ్యలో మాట. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చి ఏడాది అయింది. సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయి, లాయర్లు పాత నంబరు చెప్పి నాలిక కరుచుకోవడం, కొత్తదాని కోసం పుస్తకం తిరగేయడం రోజూ చూస్తుండేవాళ్ళం. నాకు ఇరవై నాలుగేళ్ళు. నకళ్ళ గుమాస్తాని. తీర్పు నకలు కావాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి దాన్ని టైపు చేయించి, సరిచూసి, 'ట్రూ కాపీ' అని ఒక ముద్ర, పక్కన కోర్టు గుండ్రటి సీలు వేసి, వరండాలోకి తెరుచుకునే కిటికీలోంచి చేతికివ్వడం నా పని. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఠప్, ఠప్. రెండేళ్ళ ప్రొబేషన్ ఆ జూన్‌తో పూర్తవుతుంది. మా మెజిస్ట్రేటు గారు నా గురించి ఒక్క మంచి ముక్క రాస్తే పర్మనెంటు, రాయకపోతే ఇంటికి. ఇంట్లో మా నాన్న అప్పటికే నాకు సంబంధాలు చూస్తూ, వచ్చినవాళ్ళందరితో "మావాడిది పర్మనెంటు ఉద్యోగమండి" అని చెప్పేస్తున్నారు.

ఆ మెజిస్ట్రేటు గారు నవ్వగా చూసినవాళ్ళు విజయవాడలో లేరు. అంతకుముందు ఆయన పనిచేసిన ఊళ్ళలో కూడా వాకబు చేశాం, అక్కడా లేరు. తిట్టేవారు కాదు, అరిచేవారు కాదు. కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసేవారు. అవతలివాడు చెయ్యని నేరం కూడా ఒప్పుకునేవాడు.

ఇక ఈ కథలో అసలు మనిషి మా దఫేదారు గారు. కోర్టు హాలు గుమ్మంలో నిలబడి, కేసు వంతు రాగానే పేరు పెట్టి మూడుసార్లు పిలిచే ఉద్యోగి దఫేదారు. తెల్ల చొక్కా, నడుముకి ఎర్ర పట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ళ. ఆయనది పటమట. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే, సోమవారం మా దగ్గర పేర్లు ఎత్తుకునేదీ ఆయనే. ఆయన గుమ్మంలో నిలబడి పిలిస్తే రోడ్డవతల కాఫీ హోటల్లో ఇడ్లీ తింటున్న ముద్దాయి చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేవాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన నేర్చుకున్న న్యాయశాస్త్రం రెండు వాక్యాలు. ఒకసారి నాకు కూడా చెప్పారు.

"ముమ్మారు పిలవాలి బాబూ. ముద్దాయి పలక్కపోతే వారంటు, ఫిర్యాది పలక్కపోతే కేసు కొట్టివేత. మిగతాదంతా లాయర్ల భోజనం కోసం."

చిన్న కేసుల్లో నిజంగానే చట్టం అది. ఫిర్యాదు పెట్టినవాడు పిలిచినప్పుడు హాజరు కాకపోతే ముద్దాయిని వదిలేయొచ్చు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ ఏప్రిల్‌లో ఏదో క్లబ్బు వాళ్ళు ఒక అమెరికా లాయర్ని మా కోర్టు చూపించడానికి తీసుకొచ్చారు. ఎర్రగా, ఆరడుగుల పైన, చెమటతో తడిసి ముద్దయిపోయి ఉన్నాడు పాపం. మా వాళ్ళు కొబ్బరిబోండం చేతిలో పెట్టి, లాయర్ల బార్ రూములో కూచోబెట్టి మాటల్లో దించారు. తమ ప్రాంతంలో నేరాలు విచారించే జడ్జిని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారని, అభ్యర్థులు బొమ్మలు వేయించుకుని గోడలకి అంటిస్తారని, తను కూడా ఒకసారి నిలబడి ఓడిపోయానని ఆయన చెప్పాడు. మా ప్రాసిక్యూటరు గారు దాన్ని తెలుగులోకి మారుస్తుంటే లాయర్లు, గుమాస్తాలు, సమన్లు తిప్పే అమీనులు అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నాం.

దఫేదారు గారు గుమ్మం దగ్గర్నుంచే అడిగారు. "అక్కడ ముద్దాయిలకి కూడా ఓటుంటుందాండీ?"

ప్రాసిక్యూటరు గారు నవ్వుతూ ఆ ప్రశ్నని ఇంగ్లీషులో పెట్టారు. ఆ దొర బోండం కింద పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. వెళ్ళేటప్పుడు ప్రత్యేకంగా గుమ్మం దగ్గర ఆగి దఫేదారు గారికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అసలు జవాబు మాత్రం చెప్పలేదు.

ఏటా వేసవి సెలవులకి ముందు, చివరి పనిరోజు సాయంత్రం, బార్ తరఫున ఉత్తుత్తి కోర్టు ఒకటి నడిపే ఆనవాయితీ మాకుండేది. మామిడికాయల దొంగతనమో, పోయిన చెప్పులో ఏదో ఒక కేసు అల్లి, వాదించి, నవ్వుకుని, పుచ్చకాయ ముక్కలు తిని ఇళ్ళకి పోయేవాళ్ళం. అమెరికా ఆయన వెళ్ళిన మర్నాటి నుంచి మా అందరికీ పూనకం వచ్చినట్టయింది. ఈసారి ఉత్తుత్తి కోర్టుకి జడ్జిని ఎన్నుకోవాల్సిందేనన్నారు. లాయర్లు, వాళ్ళ గుమాస్తాలు, కోర్టు సిబ్బంది, అందరికీ తలా ఒక ఓటు. మెజిస్ట్రేటు గారిని అడిగితే "పని ఆగకూడదు" అన్నారు. అది ఒప్పుకోవడమేనని మేం తీర్మానించుకున్నాం. నా దస్తూరీ బాగుంటుందని నన్ను ఎన్నికల అధికారిని చేశారు. పొంగిపోయాను.

ప్రాసిక్యూటరు గారు మొదట నిలబడ్డారు. ఆయనది ఇబ్రహీంపట్నం దగ్గర పెద్ద వ్యవసాయ కుటుంబం, భారీ మనిషి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. అందుకని గొడుగు గుర్తు ఇచ్చాను. ఆయన మీద పోటీకి నిలబడినవారు బెజవాడ మొత్తానికి వాయిదాల్లో పేరు మోసిన డిఫెన్సు లాయరు గారు. కోర్టుకి రాగానే ఆయన అడిగే మొదటి కోరిక వాయిదా, రెండోది సిరా. ఆయనకి సిరాబుడ్డి గుర్తు. ఈ ఇద్దరే అనుకున్నాం. మా కోర్టు మొత్తానికి ఒకే ఒక్క ఆడమనిషి టైపిస్టు గారు. ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, మూడో పేరు రాయమన్నారు.

"దఫేదారు గారి పేరు రాయండి. ఈ నెలాఖరుకి రిటైరైపోతున్నారు. వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడతానే ఉన్నారు, కొత్తగా ఏం చెబుతారు?"

దఫేదారు గారు వద్దు వద్దన్నారు. తర్వాత సాయంత్రం హాలు తలుపులు వేస్తూ నాతో మెల్లిగా అన్నారు. "ముప్పయ్యేళ్ళ నుంచి ఆ కుర్చీ తుడుస్తున్నా బాబూ. అది మెత్తగా ఉంటదో గట్టిగా ఉంటదో నాకు తెలీదు. ఆ ఒక్కటీ తెలుసుకోవాలనుంది."

వెంటనే పేరు రాసేశాను. గుర్తు ఏమివ్వాలో తోచక, ఆయన చేతిలో ఉన్న తాటాకు విసనకర్రనే ఇచ్చాను.

ఆ పది రోజులూ కోర్టు కోర్టులా లేదు. డిఫెన్సు లాయరు గారిది కూచిపూడి పక్క ఊరు. ఆయన రోజూ పదిన్నరకి వరండాలోకి భాగోతంలో పాత్ర ప్రవేశించినట్టు దరువు పాడుకుంటూ వచ్చేవారు. వెనకాల ఇద్దరు జూనియర్లు కేసు కట్టల మీద తాళం వేసేవారు. "అడిగినవారికి అడిగినన్ని వాయిదాలు" అనేది ఆయన వాగ్దానం. జామీను మీద తిరుగుతున్న ముద్దాయిలు అది నిజమనుకుని చప్పట్లు కొట్టేవారు. ప్రాసిక్యూటరు గారు ఓటర్లందరికీ గోళీసోడాలు పోయించి, బార్ రూములో బల్ల ఎక్కి ఉపన్యాసమిచ్చారు. వాళ్ళ ఊళ్ళో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నారు. ఆ గొప్పంతా ఆయనదే అన్నట్టు మాట్లాడేవారు.

"మా ఊరి పొగగొట్టం లేవనివ్వండి. నన్ను గనక గెలిపిస్తే, ఈ కోర్టులో ఫాను అనేది ఆగితే నన్నడగండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫాన్లు ఒక్కొక్కటే నీరసించి ఆగిపోయాయి. మూల కూచున్న టైపిస్టు గారు మాట్లాడకుండా తాటాకు విసనకర్ర ఒకటి పైకెత్తి విసురుకోవడం మొదలుపెట్టారు. ఆ దెబ్బతో విసనకర్రకి పదిహేను ఓట్లు మారి ఉంటాయని నా అంచనా. దఫేదారు గారు మాత్రం ఏ ప్రచారమూ చెయ్యలేదు. గెలిస్తే ఏం చేస్తారని అడిగినవాళ్ళకి "ముందు కూచోనివ్వండి" అనేవారు.

నేను పప్పులో కాలేసింది ఓటింగు ముందురోజు. స్టెన్సిల్ మీద గొడుగు, సిరాబుడ్డి, విసనకర్ర బొమ్మలు గీసి, సైక్లోస్టైల్ తీయించి, అరవై నాలుగు చీటీలు కోసి బల్ల మీద దొంతర పెట్టుకున్నాను. పక్కనే ఆ రోజు నకళ్ళు. టైపిస్టు గారితో ఎవరు గెలుస్తారా అని కబుర్లు చెబుతూ నకళ్ళకి ముద్రలు వేస్తున్నాను. ఠప్, ఠప్. నకళ్ళు అయిపోయాయి. చెయ్యి ఆగలేదు. అలవాటులో పొరపాటు అని ఊరికే అనలేదు. కబుర్లు పూర్తయి కిందకి చూసుకుంటే, అరవై నాలుగు ఓటు చీటీల మీదా 'ట్రూ కాపీ' ముద్ర, పక్కన కోర్టు గుండ్రటి సీలు, తేటగా.

హెడ్ క్లర్కు గారు సెలవులో ఉన్నారు. మళ్ళీ తీయిద్దామంటే కాగితం లేదు. టైపిస్టు గారు ఒక చీటీ ఎత్తి చూసి, "మంచిదే అయింది, ఇక దొంగ ఓట్లు పడవు" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. కోర్టు సీలు తీర్పుల మీదా, సమన్ల మీదా తప్ప మరి దేని మీదా పడకూడదని నాకు తెలియక కాదు. ఆ పది రోజుల ఊపులో ఏదీ తప్పనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఓటింగు నా నకళ్ళ కిటికీ దగ్గరే పెట్టాం. వచ్చినవాళ్ళని ఎవరో కనుక్కుని, జాబితాలో టిక్కు పెట్టి, కిటికీలోంచి చీటీ ఇవ్వడం. పక్కన బల్ల మీద నచ్చిన గుర్తు మీద వేలిముద్ర వెయ్యడానికి ప్యాడు, పెట్టె, కాపలాకి ఒక అమీను. జనం తోసుకుంటున్నారు. తల వంచుకుని చకచకా ఇస్తున్నాను. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చాడు. లాయర్ల గుమాస్తాల్లో సగం మందిది అదే వేషం.

"ఎవరండీ?" అన్నాను తలెత్తకుండా.

"వాయిదాల లాయరు గారి తాలూకండి" అన్నాడు.

తాలూకు అంటే ఆయన గుమాస్తా అనుకున్నాను. అప్పటికింకా ఆ గుమాస్తా ఓటు పడలేదు. టిక్కు పెట్టి చీటీ ఇచ్చాను. క్లయింటు కూడా లాయరు గారి తాలూకే అవుతాడని ఆ క్షణాన బుర్రకి తట్టలేదు. అసలు గుమాస్తా ఆ రోజు ఊళ్ళోనే లేడని తర్వాత తెలిసింది.

లెక్క పెడితే విసనకర్రకి ఇరవై ఐదు, గొడుగుకి ఇరవై నాలుగు, సిరాబుడ్డికి పద్నాలుగు. మొత్తం అరవై మూడు. ఒక చీటీ తక్కువ. దఫేదారు గారిని భుజాల మీదకి ఎత్తుకోబోతే ఆయన బిళ్ళ పట్టీ ఊడిందని గోల పెట్టారు. ప్రాసిక్యూటరు గారు మాత్రం ఆ పోయిన ఓటు తనదేనన్నారు. అది దొరికితే ఇద్దరూ సమానమవుతారని, మళ్ళీ ఎన్నిక పెట్టాలని పట్టుబట్టారు. నేను పెట్టె తిరగేశాను, బల్ల కింద పాకి చూశాను. దొరకలేదు.

అది మంగళవారం నాడు దొరికింది. నిండు కోర్టులో.

కేసు నడుస్తుండగా, కంకిపాడు అవతలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతులు జోడించి ముందుకొచ్చాడు. పొలానికి నీళ్ళు పెట్టుకునే వంతు దగ్గర జరిగిన కొట్లాటలో ఆయనకి పదిహేను రోజులు శిక్ష పడింది. అప్పీలుకి పోవాలంటే తీర్పు నకలు కావాలి. గడువు దగ్గర పడింది. నకలు కోసం నా కిటికీ చుట్టూ వారం నుంచి తిరుగుతున్నాడు. ఈ ఎన్నిక హడావుడిలో నేనే రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని తిప్పాను. మొన్న వరసలో నిలబడి చీటీ పుచ్చుకున్నది ఆయనే.

"అయ్యా, నకలు ఇచ్చారండి. ఇంటికి పట్టుకెళ్తే మా అమ్మాయి చదివి, ఇందులో తీర్పు లేదు నాన్నా, గొడుగుంది అందండి. మరి నాకు పడింది జైలాండి, గొడుగాండి?"

కోర్టు హాలు విరగబడి నవ్వింది. ఒక్క మెజిస్ట్రేటు గారూ, నేనూ తప్ప. ఆయన చీటీ అందుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, ముద్రలు చూశారు. కళ్ళజోడు పైనుంచి నా వైపు చూశారు. విజయవాడ కాబట్టి గుండెల్లో రైళ్ళకి కొదవేముంది, అన్ని ప్లాట్‌ఫారాల మీదకీ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం ఛాంబర్‌లోకి పిలిచారు. చీటీ ఆయన బల్ల మీదే ఉంది.

"సీలు ఎవరు వేశారు?"

"నేనేనండి."

"ఎందుకు?"

"అలవాటు కొద్దీనండి" అన్నాను. ఆయన కలం మూత తీశారు. తర్వాత తెల్లకాగితం తీసుకుని స్వయంగా నాలుగు లైన్లు రాశారు. కోర్టు సీలు దుర్వినియోగం చేశానని నా మీద ఫిర్యాదు. కింద ఫిర్యాది అని రాసి సంతకం పెట్టారు.

"మీ శుక్రవారం ఉత్తుత్తి కోర్టులో మామిడికాయల కేసు మానేసి ఇది విచారించమనండి. తీర్పు ఎలా వస్తే నీ ప్రొబేషన్ రిపోర్టు అలా రాస్తాను" అన్నారు.

ఇంకెవరైనా ఆ మాట అంటే హాస్యమనుకునేవాణ్ణి. ఆ మొహం చూసి ఏమనుకోవాలో తెలియలేదు. బయటికొచ్చి చెబితే లాయర్లందరూ ఎగిరి గంతేశారు, ఇంతకంటే మంచి కేసు ఎక్కడ దొరుకుతుందని. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. డిఫెన్సు లాయరు గారు నా తరఫున వాదిస్తానని భుజం తట్టారు. ఆయన తరఫు ముద్దాయిలు ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరగడం నేను కళ్ళారా చూశాను కాబట్టి ధైర్యం రాలేదు. ఈ కంగారులో ఆ పెద్దాయన నకలు సంగతి మళ్ళీ మరిచేపోయాను.

శుక్రవారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. దఫేదారు గారి భార్య, చర్చి నుంచి పదిమంది వచ్చారు. ఆవిడ కోర్టు లోపలికి రావడం అదే మొదటిసారట. మెజిస్ట్రేటు గారు మామూలు తెల్లచొక్కా, పంచెలో మొదటి వరసలో మధ్య కుర్చీలో కూచున్నారు. దఫేదారు గారు డిఫెన్సు లాయరు గారి పాత నల్లకోటు తొడుక్కుని ప్రవేశించారు. లోపల ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ అలాగే ఉన్నాయి. అందరం లేచి నిలబడ్డాం. ఆయన వేదిక ఎక్కి, కుర్చీ దగ్గర ఆగి, భుజం మీద తువ్వాలు తీసి కుర్చీని శుభ్రంగా తుడిచి, ఒక పక్కకి తప్పుకుని నిలబడిపోయారు. జడ్జిగారు వచ్చి కూచుంటారని ఎదురుచూస్తున్నట్టు.

"కూచోండి యువర్ ఆనర్" అని డిఫెన్సు లాయరు గారు గుర్తుచేశారు.

కూచున్నారు. చప్పట్లతో హాలు మోగిపోయింది. ఆయన భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మొదట్లోనే చిక్కు వచ్చింది. కేసు పిలవాలి. పిలిచే మనిషి కుర్చీలో ఉన్నాడు. టైపిస్టు గారిని పిలవమంటే ఆవిడ గొంతు రెండో వరస దాటలేదు. ఒక అమీను ప్రయత్నించి దగ్గాడు. దఫేదారు గారు కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత లేచి, మెట్లు దిగి, హాలు మధ్యలోంచి నడిచి గుమ్మంలో నిలబడి, "ముద్దాయీ... ముద్దాయీ... ముద్దాయీ..." అని పిలిచారు. బోనులో ఉన్న నేను ఉలిక్కిపడి "ఉన్నానండి" అన్నాను. ఆయన తిరిగి వెళ్ళి కూచున్నారు. జనం పొట్టలు పట్టుకున్నారు.

ప్రాసిక్యూటరు గారు ఫిర్యాదు చదివారు. ఓడిపోయిన కసి అంతా ఆ గొంతులో ఉంది. "ఇవాళ ఓటు చీటీ మీద వేశాడు, రేపు పెళ్ళి శుభలేఖ మీద వేస్తాడు, ఎల్లుండి సినిమా టిక్కెట్టు మీద వేస్తాడు" అన్నారు. హాలు ఊగిపోయింది. నేనూ నవ్వబోయాను. మొదటి వరసలో ఆ మొహం చూసి మానేశాను. నవ్వినవాళ్ళందరూ కాసేపట్లో పుచ్చకాయ తిని ఇంటికి పోతారు, నేను నాన్నకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ పోతాను అనిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఏడుపొచ్చింది.

"ముందు ఫిర్యాదిని పిలవాలిగదండీ" అన్నారు దఫేదారు గారు.

మళ్ళీ లేచారు, మళ్ళీ దిగారు. ఈసారి మొదటి వరస పక్కనుంచి, మెజిస్ట్రేటు గారి మోకాలికి జానెడు దూరంలోంచి నడిచి గుమ్మంలోకి వెళ్ళారు. వీపు మా వైపు, మొహం రోడ్డు వైపు. రోజూ ఎలా పిలుస్తారో అలాగే, అంత గొంతుతోనూ.

"ఫిర్యాదీ..."

నవ్వులు ఆగాయి. అందరి చూపూ మొదటి వరస మీదే. మెజిస్ట్రేటు గారు కదల్లేదు.

"ఫిర్యాదీ..."

రోడ్డు మీద రిక్షా ఒకటి ఆగింది. మెజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఫిర్యాదీ..."

మూడో పిలుపు తర్వాత దఫేదారు గారు చట్టప్రకారం ఆగాల్సినంత సేపూ ఆగారు. అవతలివాడు కాలవ గట్టు మీద ఉంటే పరిగెత్తుకు రావడానికి సరిపోయేంత సేపు. కళ్ళజోడు తుడవడం ఇంకా అవలేదు. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూచున్నారు.

"ఫిర్యాది రాలేదు. కేసు కొట్టివేత. ముద్దాయిని వదిలేశాం."

ప్రాసిక్యూటరు గారు గొడుగు ఎత్తి లేచారు. "ఇది అన్యాయం. ఫిర్యాది ఎదురుగానే ఉన్నారు."

"ఉంటే పలకరాండీ?" అన్నారు దఫేదారు గారు.

ప్రాసిక్యూటరు గారు మెజిస్ట్రేటు గారి వైపు చూశారు. ఆయన ఇప్పుడు రెండో అద్దం తుడుస్తున్నారు. డిఫెన్సు లాయరు గారు, అంతకాలంలో మొదటిసారి వాయిదా అడక్కుండా, రెండు వందల నలభై ఏడో సెక్షను ప్రకారం తీర్పు సరైనదేనన్నారు. అది పాత కోడు, కొత్తదాంట్లో రెండు వందల యాభై ఆరు అని ప్రాసిక్యూటరు గారు అందుకున్నారు.

"నంబరేదైనా పలక్కపోతే పోయినట్టేనండి" అని జడ్జిగారు తేల్చేశారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ పెద్దాయన నకలు ఇవాళే తయారుచేసి, రేపు వాళ్ళ ఇంటికెళ్ళి చేతికిచ్చి రావాలి బాబూ."

కేసు కొట్టేశాక శిక్ష వెయ్యకూడదని డిఫెన్సు లాయరు గారు అభ్యంతరం చెప్పారు.

"ఇది శిక్ష కాదండి, డ్యూటీ" అన్నారాయన.

పుచ్చకాయలు పంచుతుండగా మెజిస్ట్రేటు గారు నా పక్కగా వెళుతూ ఆగారు. కళ్ళజోడు మెరిసిపోతోంది. "నాకు వినపడలేదు" అన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. బెజవాడలో సగం ఊరికి వినపడిన గొంతు అది. నేను నమస్కారం పెట్టబోయేసరికి ఆయన వెళ్ళిపోయారు. జూన్‌లో నా ప్రొబేషన్ పూర్తయినట్టు ఆర్డరు వచ్చింది. సీలు ఊసు దాంట్లో లేదు.

ఆ సాయంత్రమే టైపిస్టు గారు ఇంటికి వెళ్ళకుండా కూచుని తీర్పు టైపు చేసిచ్చారు. పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కి కంకిపాడులో దిగి, నడిచి, కాలవ పక్కన ఆ పెద్దాయన ఇల్లు పట్టుకున్నాను. అప్పీలుకి ఇంకా నాలుగు రోజులు గడువుంది. నకలు చేతికిచ్చి, తిప్పినందుకు క్షమించమన్నాను. ఆయన ముందు కూతురి చేత చదివించుకున్నాడు. గొడుగు లేదని రూఢి చేసుకున్నాక నాకు మజ్జిగ ఇప్పించాడు. అప్పుడడిగాను, ఆ రోజు చీటీ పెట్టెలో ఎందుకు వెయ్యలేదని.

"ముద్ర వెయ్యమంటే వేశాను బాబూ, వేలిముద్ర, విసనకర్ర మీద. ఎండలు మండిపోతన్నాయి గదా. పెట్టెలో వెయ్యమన్నాడు ఆ అమీను. వారం తిరిగితే చేతికొచ్చిన నకలు, పెట్టెలో ఎవరేస్తారండీ?"

తిరుగు బస్సు పటమట మీదుగానే. ఈ వార్త కడుపులో దాచుకోలేక అక్కడ దిగిపోయాను. దఫేదారు గారు ఇంటి అరుగు మీద చొక్కా లేకుండా కూచుని, ఒంటికి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. నకలు ఇచ్చేశానని చెప్పి, పోయిన ఓటు సంగతి చెప్పాను.

"అయితే రెండు ఓట్ల మెజారిటీ అన్నమాట" అన్నారు, తృప్తిగా. "ప్రాసిక్యూటరు గారికి చెప్పమాకండి, బాధపడతారు."

"ఇంతకీ కుర్చీ ఎలా ఉందండీ? మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

ఆయన వెనక్కి తిరిగి వీపు చూపించారు. మెడ కింద నుంచి నడుము దాకా ఎర్రటి దద్దుర్లు.

"నల్లులు బాబూ. కర్ర సందుల్లో నిండా ఉన్నాయి. ముప్పయ్యేళ్ళు పైపైన తుడిచానుగానీ లోపల చూసుకోలేదు. వచ్చిన అయ్యగార్లందరికీ ఏంటా ఇంత కోపం అనుకునేవాణ్ణి." మళ్ళీ నూనె చేతిలో పోసుకున్నారు. "నేను అరగంట కూచుంటేనే ఇట్టా ఉంది. మన అయ్యగారు మూడేళ్ళ నుంచి అందులోనే కూచుంటన్నారు. అయినా మూడుసార్లు పిలిస్తే పలకలేదంటే, ఎంత మంచి మనిషో చూసుకోండి."